డి డ్రైవ్‌లో పోయిన పసుపు ఆకులు

కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్ అంటే కాలేజీలో చాలామందికి ఒక తాళంచెవుల గుత్తి. పొద్దున ల్యాబ్ తెరవాలి, సాయంత్రం మూయాలి, మధ్యలో ఎవరి మౌస్ కదలకపోయినా పిలిస్తే ఉరకాలి. బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను చేసిన పని అదే. రోజూ నిజామాబాద్ నుంచి బస్సు. చెరకు ట్రాక్టరు వెనక బస్సు చిక్కుకుంటే ఆ రోజు ప్రిన్సిపల్ చేత మాటలు పడటం ఖాయం. పోయిన ఏడాది రిటైరయ్యాను.

నా కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి, పని గురించి ఏమైనా రాసిపెట్టారా మేడం అని అడిగింది. రాసిపెట్టినవన్నీ స్టాకు రిజిస్టర్లే. ఎన్ని మానిటర్లు, ఎన్ని కీబోర్డులు, ఎన్ని విరిగిన కుర్చీలు. వాటిలో పని లేదు. పని ఎక్కడుందో చెప్పాలంటే నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు తెలివితక్కువ వాళ్ళు చేసేది కాదు. పని బాగా వచ్చనుకునే వాళ్ళు చేసేది.

ఒక మిషను, ఇద్దరు యజమానులు

మా ల్యాబ్‌లో ఇరవై మిషన్లు. కామర్స్ పిల్లలకు విండోస్ కావాలి. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు సిలబస్‌లో లినక్స్ ఉంది. రెండు ల్యాబ్‌లు పెట్టే స్థోమత మేనేజ్‌మెంట్‌కు లేదు, ఉన్నా పెట్టరు. అందుకని ఒక్కో మిషన్లో ఈ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వేశాం. ఆన్ చేయగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి, ఏది కావాలంటే అది ఎంచుకోవాలి. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది ఉండదు. ఇద్దరికీ ఉమ్మడిగా డి డ్రైవ్ అని ఒక భాగం ఉంచాం. ఇటు దాచింది అటు కనబడాలి, అటు దాచింది ఇటు కనబడాలి.

ఇద్దరు వాడే ఇంట్లో తగాదా ఎక్కడ వస్తుందంటే ఉమ్మడి గదిలోనే. నాకు మొదటి తగాదా గడియారంతో వచ్చింది. లోపల ఉండే గడియారాన్ని విండోస్ మన టైముగా చదువుతుంది. లినక్స్ దాన్ని లండన్ టైమనుకుని ఐదున్నర గంటలు కలుపుతుంది. ప్రాక్టికల్ పరీక్ష పొద్దున పదింటికి జరుగుతుంటే పిల్లల ప్రింట్ల మీద మధ్యాహ్నం మూడున్నర పడింది. పరీక్షకు వచ్చినాయన నన్ను దొంగను చూసినట్టు చూశాడు. నేను గబగబా లినక్స్‌లో టైము దిద్దాను. తర్వాతి బ్యాచ్ విండోస్ తెరిస్తే తెల్లవారుజాము నాలుగున్నర. మళ్ళీ దిద్దాను. సాయంత్రం దాకా దిద్దుతూనే ఉన్నాను, తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు మా డిపార్ట్‌మెంట్ హెడ్ రహీమ్ సారు. సన్నటి మనిషి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పిల్లలు పోయాక నన్ను కూర్చోబెట్టి, టైము ఎందుకు తప్పిందని అడిగాడు. తెలవదు సార్, సరిచేసినా అన్నాను.

"ఎందుకు తప్పిందో తెల్వకుండ సరిచేసినవా? గట్లయితే సరిచేయలేదు బేటీ. దాచిపెట్టినవ్."

మర్నాడు ఇద్దరం కూర్చుని కారణం పట్టుకున్నాం. లినక్స్‌కు ఒక్క మాట చెబితే సరిపోయింది, ఈ గడియారం మన ఊరి టైములోనే ఉందని. మళ్ళీ ఎన్నడూ తప్పలేదు. నేను ఎవరెవరి కింద పనిచేశానో వాళ్ళలో గురువు అనదగ్గవాడు ఆయనే. ఆయన రిటైరయ్యాక ఆ పాఠాన్ని నేను శుభ్రంగా మరిచిపోయాను.

నా రెండు రూల్సు, ఒక దొంగదారి

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మా బ్యాటరీలు పది నిమిషాలు కూడా నిలబడేవి కావు. పిల్లలు చేస్తున్న పని సగంలో ఆగిపోయేది. నేనొక ఉపాయం చేశాను. కరెంటు పోగానే షట్‌డౌన్ చేయొద్దు, హైబర్నేట్ చేయండి అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. హైబర్నేట్ అంటే మిషనును నిద్రపుచ్చడం. తెరిచిన పని తెరిచినట్టే లోపల దాచుకుని పడుకుంటుంది, లేపితే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. కామర్స్ లెక్చరర్లు నన్ను తెగ మెచ్చుకున్నారు. తర్వాత తర్వాత కోతలు పోయాయి, అలవాటు మాత్రం పోలేదు. కరెంటు ఉన్నా పిల్లలు మిషన్లను నిద్రపుచ్చే వెళ్ళేవాళ్ళు. తొందరగా తెరుచుకుంటుందని నేనూ ఊరుకున్నాను.

రెండో రూలు పెన్‌డ్రైవ్‌ల మీద. బయటి పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చి ఒకసారి ల్యాబంతా పడుకుంది. అప్పటి నుంచి పెన్‌డ్రైవ్ కనబడితే గుంజుకునేదాన్ని. మీ సామానంతా డి డ్రైవ్‌లో పెట్టుకోండి, నేనున్నా కదా అనేదాన్ని. ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో.

ఇప్పుడు ఈ రెండు రూల్సు ఎక్కడ తగువులాడుకున్నాయో చూడండి. విండోస్ నిద్రలో ఉందంటే డి డ్రైవ్ దాని చేతిలోనే ఉన్నట్టు. ఏ ఫైలు ఎక్కడుందో దాని లెక్క దాని తలలో ఉంది. అప్పుడు లినక్స్ తెరిస్తే అది మర్యాదగా చెబుతుంది: అవతలివాడు నిద్రలో ఉన్నాడు, నేను చదువుతాను గానీ ఇందులో రాయను అని. పిల్లలేమో మేడం సేవ్ అయితలేదు, మేడం సేవ్ అయితలేదు అని పీరియడ్‌కు పదిసార్లు అరిచేవాళ్ళు. నాకు విసుగొచ్చింది. ఇంటర్నెట్లో వెతికితే ఒక దారి దొరికింది. అది వద్దంటున్నా బలవంతంగా రాయించే ఒక చిన్న మాట. ప్రమాదమని అక్కడే రాసి ఉంది, చదివాను కూడా. చదివి ఇరవై మిషన్లలోనూ ఆ మాట పెట్టేశాను, లినక్స్ తెరవగానే దానంతటదే నడిచేట్టు. అరుపులు ఆగిపోయాయి. ఆ సాయంత్రం బస్సులో నా అంత తెలివైనది జిల్లాలో లేదనుకుంటూ ఇంటికి పోయాను.

లావణ్య ఫోటోలు

లావణ్య సిరికొండ వైపు పల్లె నుంచి వచ్చింది. బోధన్‌లో చిన్నవ్వ, అంటే పిన్ని, ఇంట్లో ఉండి చదివేది. కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం. పసుపు పంట ఆకు ఫోటో చూసి అది ఏ తెగులో కంప్యూటర్ చెప్పాలి, అదీ ఆ పిల్ల ప్రాజెక్టు. మిగతావాళ్ళు ఇంటర్నెట్లో దొరికినవి దించుకుని పేరు మార్చుకునే చోట ఈ పిల్ల ఆషాఢం దాటినప్పటి నుంచి ప్రతి శనివారం ఇంటికి పోయి, తమ చేను, పక్కవాళ్ళ చేను తిరిగి ఫోటోలు తీసింది. మూడు వేల పైచిలుకు. ఒక్కోదానికి పేరు పెట్టింది: ఎవరి చేను, ఏ రోజు, తాటాకు తెగులా, ఆకుమచ్చా, దుంపకుళ్ళు వల్ల పండిన ఆకా, మంచి ఆకా. ఫోన్లో జాగా లేక సోమవారం సోమవారం డి డ్రైవ్‌లోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేసుకునేది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకుంటానని ఒకసారి అడిగింది. నేను వద్దన్నాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం. మొదటి పీరియడ్ కామర్స్ పిల్లలు విండోస్‌లో పనిచేసి, అలవాటు ప్రకారం నిద్రపుచ్చి పోయారు. రెండో పీరియడ్‌లో లావణ్య అదే మిషను మీద లినక్స్ తెరిచింది. నా దొంగదారి పుణ్యమా అని డి డ్రైవ్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. పిల్ల తన ఫోటోలన్నిటినీ తెగులు ప్రకారం కొత్త ఫోల్డర్లలోకి మార్చి సర్దుకుంది. మధ్యాహ్నం కామర్స్ పిల్లలు విండోస్‌ను లేపారు. అది పొద్దున తన తలలో ఉన్న పాత లెక్కనే నిజమనుకుని డ్రైవ్ మీద రాసేసింది. మర్నాడు తెరిస్తే డిస్కులో తప్పులున్నాయి, బాగుచేస్తున్నానని నల్లతెర వచ్చింది. తెరిచిన కుర్రాడు దాన్ని ఆపకుండా చూస్తూ కూర్చున్నాడు. బాగుచేయడమంటే, రెండు లెక్కలూ కుదరని ఫోల్డర్లను తీసి పారేయడం.

లావణ్య నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు. నా ఫోల్డర్ కనబడతలేదు మేడం అంది. నేను పోయి చూశాను. నల్లతెర సంగతి, ముందురోజు ఎవరు ఎప్పుడు తెరిచారన్న సంగతి అడిగేసరికి విషయం మొత్తం అర్థమైపోయింది. వేరే ఎవరి తప్పూ వెతికే పనిలేదు. నిద్రపుచ్చమన్నది నేను, రెండో కాపీ వద్దన్నది నేను, వద్దన్న మిషను చేత బలవంతంగా రాయించింది నేను.

మళ్ళీ తీసుకుందామంటే పసుపు తవ్వేశారు. ఆకు ఎండి చేనులో చెత్తయింది. మళ్ళీ పచ్చాకు చూడాలంటే వానకాలం రావాలి. వైవా పరీక్ష మూడు వారాల్లో ఉంది. ప్రాజెక్టు లేకపోతే ఏడాది పోతుంది, అంతే.

పెద్దాయన సలహా

ప్రిన్సిపల్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. కాలేజీ పేరు బయటికి పోకూడదు, అదొక్కటే ఆయన బాధ. విద్యార్థిని పొరపాటున డిలీట్ చేసుకుందని రాసిద్దాం, వచ్చే ఏడాది మళ్ళీ రాసుకుంటుంది అన్నాడు. నీ నౌకరీ కూడా చూసుకోవాలి కదమ్మా అని మెల్లగా కలిపాడు. ఒక్క నిమిషం ఆ మాట నాకు తీపిగానే ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి, ఉంది. కానీ నేను బీడీలు చుట్టిన అవ్వ కూతుర్ని. ఏడాది చదువు ఆగిపోవడమంటే ఇంట్లో ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. ఆ పిల్ల డిలీట్ చేయలేదు సార్, నేను చేసినట్టు రాసుకోండి, ముందు నన్ను పని చేయనీయండి అని వచ్చేశాను.

ఇక్కడ కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఫైలు పోతే ముందు ఆ మిషనును ఆపేయండి. ఏమీ వెతకొద్దు, ఏమీ కొత్తగా వేయొద్దు. పోయింది ఫైలు పేరు, ఫైలు ఉన్న చోటు. లోపలి సరుకు, మీరు దాని మీద ఇంకోటి రాసేదాకా అక్కడే పడి ఉంటుంది. నేను డిస్కు ఊడదీసి, నిజామాబాద్‌లో తెలిసిన రిపేరు షాపు నుంచి పెద్ద డిస్కు అరువు తెచ్చి, ముందు మొత్తం నకలు తీసుకున్నాను. తర్వాత ఆ నకలు మీద వెతకడం మొదలుపెట్టాను. రెండు రోజులు నడిచింది. తిండి అక్కడే, టీ అక్కడే. రెండో రోజు మధ్యాహ్నం ఆకులు రావడం మొదలైంది. పచ్చవి, మచ్చలవి, పండినవి. కొన్ని సగం చిరిగి వచ్చాయి, పనికిరాలేదు. ఎక్కువ భాగం బాగానే వచ్చాయి.

లావణ్య తెర చూసి, పేర్లు లేవు మేడం అంది. నిజమే. అన్నిటికీ అంకెలే. ఏది ఎవరి చేనో, ఏది ఏ తెగులో తెలిపే మాట ఒక్కటీ మిగల్లేదు. ఆ పిల్ల రాసుకున్న పట్టిక కూడా ఆ ఫోల్డర్‌లోనే పోయింది. పేరు లేని ఆకులతో కంప్యూటర్‌కు ఏం నేర్పుతాం?

కొన్ని నేను గుర్తుపడతా, అన్నీ కావు అంది. మా అవ్వయితే పడతది అంది.

రాజవ్వ వచ్చింది

అసలు ఆ పేర్లన్నీ మొదట చెప్పింది వాళ్ళ అవ్వ, అంటే తల్లి, రాజవ్వేనట. చేలో పిల్ల ఫోటో తీస్తుంటే ఇది ఫలానా అని తల్లి చెప్పేది, పిల్ల రాసుకునేది. నేను ఫోన్ చేసి రమ్మన్నాను. సరిగ్గా పసుపు ఉడకబెట్టే రోజులు. కళ్ళంలో పని వదిలి ఆడమనిషి కదిలే కాలం కాదు. అయినా ఆ పనిని పెనిమిటికీ, యారాలికీ అంటే తోడికోడలికీ అప్పజెప్పి మూడు బస్సులు మారి వచ్చింది. చేతులకు పసుపు అంటుకునే ఉంది. జరిగిందంతా నేనే చెప్పాను, నా తప్పని కూడా చెప్పాను. నా ముఖంలోకి చూసింది. బెంచీ మీద కూర్చుని, సూపియ్యుండ్రి అంది.

పది రోజులు కూర్చుంది. ఫోటో తెర మీదికి వస్తే, పేరు చెబుతుంది, లావణ్య రాస్తుంది. ఫోటో తీసిన తారీఖు మాత్రం ఫోటో లోపలే మిగిలి ఉంటుంది కాబట్టి వాటిని వరసలో నేను పేర్చాను. చేను ఎలా గుర్తుపడుతున్నావక్కా అని అడిగాను. ప్రతి ఫోటోలో ఆకును ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నారు. ఆమె ఆ చేతుల్ని చూసేది. ఈ గోరు మా యారాలిది, ఈ చేతి కడెం పక్క చేను ముసలమ్మది, గీ మొగ చెయ్యి మా తమ్మునిది అంటూ పోయేది. తెగులు సంగతికి వస్తే నిమిషం కూడా ఆగేది కాదు. కొన్నిటి దగ్గర మాత్రం ఆగేది. తిప్పి తిప్పి చూసి, గిది నాకు తెల్వది బిడ్డా అనేది. మంచి ఆకు కింద పెట్టేద్దాం అక్కా, టైం లేదు అని నేనొకసారి తొందరపడ్డాను.

"తెల్వందానికి పేరెట్ల పెడ్తం మేడం? తెల్వదని రాయి బిడ్డా."

లావణ్య తెలియదు అని రాసింది. నాకు చెంప పగిలినట్టయింది. రహీమ్ సారు ఉంటే ఈమెకు కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

వైవా రోజు

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గట్టి మనిషి. ప్రిన్సిపల్ నన్ను లోపలికి రావొద్దన్నాడు. నేను పోయాను. లావణ్య మొదలుపెట్టక ముందే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎగ్జామినర్ అంతా విని, ఫోటోలు దొరికాయి సరే, పేర్లు జ్ఞాపకం మీద పెట్టినవి, వాటిని నేనెలా నమ్మాలి అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పేర్లు పెట్టినామె కూతురితో వచ్చి బయట వరండాలో ఉంది సార్, అడగండి అన్నాను.

రాజవ్వ లోపలికొచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన పట్టిక తన వైపు తిప్పుకుని, పేరు కనబడకుండా తనకిష్టమొచ్చిన ఫోటో ఒక్కొక్కటే తెరిచాడు. తాటాకు తెగులు అంది. ఆకుమచ్చ అంది. గిది తెగులు కాదు సార్, మందు ఎక్కువ కొట్టిండ్రు, ఆకు కాలింది అంది. ఆయన పట్టిక చూసుకున్నాడు, అదే ఉంది. తొమ్మిదో ఫోటో దగ్గర ఆమె చాలాసేపు చూసింది. ప్రిన్సిపల్ కుర్చీలో కదిలాడు. ఏదో ఒకటి చెప్పు తల్లీ అని లోపల మొక్కుకున్నాను.

"గిది నాకు తెల్వది సార్" అంది.

ఆయన వేలు పట్టిక మీద కిందికి జరిగింది. అక్కడ తెలియదు అనే రాసి ఉంది. ఆయన ఇంకో ఫోటో తెరవలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఇలాంటివి ఎన్ని ఉన్నాయమ్మా అని లావణ్యను అడిగాడు. నూటికి పైనే సార్ అంది. సరే, ఇక నీ కంప్యూటర్ ఏం చెబుతుందో చూపించు అన్నాడు. గంటసేపు పరీక్షించాడు, చెమటలు పట్టించాడు, చివరికి సంతకం పెట్టాడు. పిల్ల పాసైంది. మంచి మార్కులతోనే పాసైంది.

నాకు మెమో వచ్చింది. తీసుకున్నాను. ఆ వారమే ఇరవై మిషన్లలో ఒక్కొక్కటిగా ఆ దొంగదారి తీసేశాను, హైబర్నేట్ ఆపేశాను. విండోస్‌కు షట్‌డౌన్ అని చెప్పి పూర్తిగా ఆగకుండా సగం నిద్రలోనే ఉండిపోయే అలవాటు ఒకటుంది, అదీ మాన్పించాను. ఇక మీదట ఏ పిల్ల సామానైనా రెండు చోట్ల ఉండాల్సిందేనని, పెన్‌డ్రైవ్ తెస్తే నేనే ముందు పరీక్షించి ఇస్తానని చెప్పాను. ఇవన్నీ మీరు పుస్తకంలోనూ చదువుకోవచ్చు. మిషను వద్దన్నప్పుడు దాని నోరు నొక్కడం నాలాగా ఎవరికైనా వచ్చు. ఎందుకు వద్దంటుందో కనుక్కునేవాళ్ళకే ఈ జీతం ఇవ్వాలి.

వైవా రోజు సాయంత్రం తల్లీ కూతుళ్ళను బస్టాండు దాకా దిగబెట్టాను. లావణ్య నీళ్ళ సీసా కొనడానికి పోయింది. కోపం లేదు కదా అక్కా, పిల్ల పాసైంది కదా అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

"పాసైంది. నీ మీద కోపం మాత్రం పోలే మేడం" అంది రాజవ్వ. "పది దినాలు నా పసుపు కళ్ళంల ఇడిసిపెట్టి వచ్చిన. కోపం నాకు ఉండనియ్యి. నువ్వు ఇంకొక పిల్ల సామాను పోనియ్యకు."

సిరికొండ వైపు పోయే బస్సు అందుకోవాలంటే ముందు నిజామాబాద్ చేరాలి. నిజామాబాద్ బస్సు వచ్చింది, ఇద్దరూ ఎక్కారు. అది నేనూ ఎక్కాల్సిన బస్సే. ఎక్కలేదు. వెనక్కి ల్యాబ్‌కు పోయి, ఇరవై మిషన్లలో ఉన్న పిల్లల ఫోల్డర్లన్నిటికీ రెండో కాపీ తీయడం ఆ పూటే మొదలుపెట్టాను.